హోల్డెన్ మీద తెగని పంచాయితీ

నవల నచ్చకపోతే మామూలుగా పక్కన పడేసి ఊరుకుంటాం. జె.డి. సాలింజర్ రాసిన 'ద క్యాచర్ ఇన్ ద రై' దగ్గర మాత్రం చాలామంది ఊరుకోరు. కోపం తెచ్చుకుంటారు. ఆ కోపం కూడా రచయిత మీద కంటే కథ చెప్పే కుర్రాడు హోల్డెన్ కాల్‌ఫీల్డ్ మీదే ఎక్కువ. 'ఎప్పుడు చూసినా ఏడుపే', 'డబ్బున్నవాళ్ల పిల్లాడి కొవ్వు', 'లాగి ఒకటిస్తే సరిపోతుంది' అంటారు. నచ్చినవాళ్లూ నవలను వదిలేసి అతని గురించే మాట్లాడతారు, సొంత తమ్ముణ్ని వెనకేసుకొచ్చినట్టు. 1951 జులై 16న పుస్తకం బజారులోకి వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. ఆరున్నర కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయినా పంచాయితీ తెగలేదు. తెగకపోవడానికి పెద్ద కారణం, రెండు పక్షాలూ హోల్డెన్ నోటిమాటనే సాక్ష్యంగా తీసుకోవడం. అతను అన్నది విని ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు విసుక్కుంటారు. చేసింది చూసేవాళ్లు తక్కువ.

కథగా చెప్పుకుంటే చాలా చిన్నది. మొత్తం 26 అధ్యాయాలు. పెన్సిల్వేనియాలోని పెన్సీ ప్రెప్ అనే ఖరీదైన బోర్డింగ్ స్కూల్లో హోల్డెన్ ఐదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పుతాడు. గట్టెక్కింది ఒక్క ఇంగ్లీషులోనే. స్కూలు నుంచి తీసేస్తారు. క్రిస్మస్ సెలవులకు ఇంకా నాలుగు రోజులుండగానే, శనివారం రాత్రి రూమ్మేటుతో కొట్టుకుని, పెట్టె సర్దుకుని న్యూయార్క్ రైలెక్కేస్తాడు. ఇంటికి పోకుండా సోమవారం మధ్యాహ్నం దాకా ఊరు పట్టుకు తిరుగుతాడు. తమ్ముడు ఆలీ 1946 జులై 18న లుకేమియాతో చనిపోయాడు. అప్పటికి హోల్డెన్‌కు పదమూడేళ్లు, ఈ తిరుగుడు నాటికి పదహారు. అంటే ఇదంతా 1949 డిసెంబరులో జరిగిందనుకోవాలి. చెప్పడం మాత్రం మరికొన్ని నెలలు గడిచాక, కాలిఫోర్నియాలో ఏదో చికిత్సాలయంలో ఉండి చెబుతున్నాడు. అదేం చోటో తిన్నగా చెప్పడు. సైకోఅనలిస్టు ఒకాయన తనను ప్రశ్నలు అడుగుతుంటాడని చివరి అధ్యాయంలో ఒక్క ముక్క వదులుతాడు.

ఈ తగువు అచ్చు కాకముందే మొదలైంది. హార్‌కోర్ట్ బ్రేస్ సంస్థలో ఎడిటర్ రాబర్ట్ జిరూకు రాతప్రతి నచ్చింది. పైనున్న యూజీన్ రేనల్ 'ఈ కుర్రాడికి పిచ్చా?' అన్నాడు. సాలింజర్ దాన్ని లిటిల్, బ్రౌన్ సంస్థకు పట్టుకుపోయాడు. 'న్యూయార్కర్' పత్రిక సంపాదకులు ఈ రాతప్రతిలోంచి ఏ భాగాన్నీ వేసుకోవడానికి ఒప్పుకోలేదు, ఒకే ఇంట్లో ఇంతమంది అసాధారణమైన పిల్లలుండటం నమ్మేలా లేదన్నారు. వెలువడ్డాక 'న్యూయార్క్ టైమ్స్' దినపత్రిక సమీక్షకుడు బ్రహ్మాండమైన తొలి నవల అన్నాడు. 'న్యూ రిపబ్లిక్' సమీక్షకురాలు, 277 పేజీలు చదివేసరికి ఈ కుర్రాడంటే మొహం మొత్తుతుందని రాసింది. 'క్రిస్టియన్ సైన్స్ మానిటర్'లో ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి పుస్తకం అందరి చేతుల్లో పడితే ఇలాంటి పిల్లలే పెరుగుతారని భయపడ్డారు. ఇవాళ నవల గురించి వినిపించే మాటలన్నీ ఈ మూడింటి చుట్టాలే.

హోల్డెన్ మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి ఎనిమిదో అధ్యాయం మంచి పరీక్ష. రైల్లో ట్రెంటన్ దగ్గర ఒకావిడ ఎక్కి అతని పక్కన కూర్చుంటుంది. సూట్‌కేసు మీద పెన్సీ స్టిక్కరు చూసి, మా అబ్బాయి ఎర్నెస్ట్ మారో నీకు తెలుసా అంటుంది. ఎర్నెస్ట్ సంగతి హోల్డెన్‌కు బాగా తెలుసు. ఆ స్కూలు చరిత్రలోనే అంత నీచుడు లేడని అతని అభిప్రాయం. స్నానం చేసి వస్తూ తడి తువ్వాలుతో కనిపించినవాడినల్లా చెళ్లున కొట్టే రకం. తల్లికి ఇవేవీ చెప్పడు. ముందు తన పేరు రుడాల్ఫ్ ష్మిట్ అంటాడు, అది హాస్టల్లో పనిచేసే అతని పేరు. తర్వాత మీవాడు మహా మొహమాటస్థుడండీ అని మొదలెడతాడు. క్లాసు ప్రెసిడెంటుగా వాణ్నే నిలబెట్టాలని అందరూ అనుకుంటే సిగ్గుపడి ఒప్పుకోలేదని ఓ కథ అల్లుతాడు. ఆవిడ మొహం వెలిగిపోతుంది. సెలవులకు ముందే ఎందుకు వెళ్తున్నావని అడిగితే, తల్లో చిన్న కణితి, ఆపరేషన్ ఉందంటాడు.

లోకంలో అందరూ 'ఫోనీ'లు, పైకి ఒకటి లోపల ఒకటి అని పేజీకోసారి తిట్టేవాడు ఇన్ని అబద్ధాలాడటం చూసి, నచ్చనివాళ్లు ఇక్కడే దొరికిపోయాడంటారు. నిజమే, దొరికాడు. కానీ దొరకబుచ్చుకున్నది పాఠకులు కాదు, తనే. మూడో అధ్యాయం మొదటి వాక్యంలోనే తనంత అబద్ధాలకోరు ఇంకొకడు లేడని చెప్పేశాడు. ఇక నచ్చినవాళ్లు అతన్ని కల్తీ లోకంలో ఉన్న ఒకే ఒక నిజాయితీపరుణ్ని చేసి నిలబెడతారు. ఈ అధ్యాయం ముందు ఆ వాదనా నిలవదు. కొడుకు గురించి మంచిమాట వినాలని ఉన్న తల్లికి ఆ మంచిమాట చెప్పాడు, చెబుతున్నకొద్దీ తనకే సరదా పుట్టి హద్దు దాటాడు. దయ, వేళాకోళం ఒకే నోట్లో ఉన్నాయి. సినిమాలంటే అసహ్యమంటాడా, హోటల్లో దెబ్బలు తిన్నాక కడుపులో తూటా దిగిన సినిమా హీరోలా నటిస్తూ బాత్రూమ్ దాకా వెళ్తాడు. అతను పడే గొడవంతా తను కూడా అందులో ఉన్న లోకంతోనే.

అతని మాటలు పక్కనబెట్టి పద్దు రాసుకుంటూ చదివితే నవల ఇంకోలా కనిపిస్తుంది. రెండోసారి చదివేవాళ్లకు పెన్సిల్, తెల్లకాగితం చాలు. జేబులోకి వచ్చిన డబ్బు: మతిమరుపు నానమ్మ పుట్టినరోజు పేరు చెప్పి ఏడాదికి నాలుగుసార్లు పంపే సొమ్ము, తొంభై డాలర్ల టైప్‌రైటర్ను ఇరవైకి తెగనమ్మిన సొమ్ము. పోయిన డబ్బు: హోటల్ బార్‌లో సియాటిల్ నుంచి వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు తాగినదానికి పదమూడు డాలర్లు. గదికి వచ్చిన సన్నీ అనే అమ్మాయితో మాట్లాడుతూ కూర్చుంటే చాలన్నాడు, దానికి ఐదు. ఇంకో ఐదు లిఫ్ట్ నడిపే మారిస్ వచ్చి కొట్టి లాక్కున్నది. టిఫిన్ దగ్గర పక్కన కూర్చున్న ఇద్దరు క్రైస్తవ సన్యాసినులకు పది, అదీ తక్కువిచ్చానని తర్వాత బాధ. చెల్లెలు ఫీబీకి కొన్న రికార్డు ఐదు, ఇవ్వబోయే ముందే పార్కులో జారిపడి ముక్కలైంది. స్నేహితురాలు శాలీ హేస్‌తో నాటకం, స్కేటింగ్. ఆదివారం రాత్రి సెంట్రల్ పార్కు చెరువు గట్టున కూర్చుని లెక్క చూస్తే మూడు ఒక్క డాలర్ నోట్లు, ఐదు క్వార్టర్లు, ఒక నికెల్. ఆ చిల్లర కూడా నీళ్ల మీదికి విసిరేస్తాడు. ఆఖరికి పదేళ్ల ఫీబీ క్రిస్మస్‌కని దాచుకున్న ఎనిమిది డాలర్ల అరవై ఐదు సెంట్లు అతని చేతిలో పెడుతుంది. అక్కడ ఏడుస్తాడు.

ఈ పద్దులో తిండికి, మందుకు పోయింది పోగా మిగిలిన డాలర్లలో ఎక్కువ భాగం, పక్కన ఎవరో ఒకరు కాసేపు కూర్చోవడానికే ఖర్చయింది. ఎక్కిన టాక్సీల డ్రైవర్లను కూడా మందు పోయిస్తా రమ్మంటాడు. 'మనుషులంటే అసహ్యం' అనేవాడు పెట్టే ఖర్చు ఇలా ఉండదు. ఫోన్ల లెక్కా ఇంతే. పెన్ స్టేషన్‌లో దిగగానే ఫోన్ బూత్‌లోకి దూరతాడు. అన్న దూరంగా హాలీవుడ్‌లో ఉన్నాడు, చెల్లి పడుకుని ఉంటుంది, ఫోన్ ఎత్తేది అమ్మానాన్నే. ఇలా ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ ఇరవై నిమిషాలు నిలబడి ఎవరికీ చెయ్యకుండా బయటికొస్తాడు. పాత స్నేహితురాలు జేన్ గల్లఘర్‌కు చేద్దామనుకోవడం, మూడ్ లేదనుకోవడం పుస్తకమంతా నడుస్తుంది. ఒకసారి చేస్తే వాళ్లమ్మ ఎత్తుతుంది, పెట్టేస్తాడు.

ఇంగ్లీషు రెండో భాషగా చదివే తెలుగు పాఠకులు సాధారణంగా తట్టుకు పడేది ఒక నుడికారం దగ్గర. పెన్సీలో రూమ్మేటు స్ట్రాడ్‌లేటర్ జేన్‌తో బయటికి వెళ్లి తిరిగొస్తాడు. 'గివ్ హర్ ద టైమ్' చేశావా అని హోల్డెన్ అడుగుతాడు. అది టైమ్ చెప్పడం గురించి కాదు, శృంగారం గురించి. ఈ అర్థం తెలియకపోతే ఆ కొట్లాట పిచ్చివాడి పనిలా కనిపిస్తుంది. ఆ కొట్లాటకు ముందు జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. స్ట్రాడ్‌లేటర్ తన కాంపోజిషన్ రాసిపెట్టమంటే హోల్డెన్ ఆలీ బేస్‌బాల్ గ్లోవ్ మీద రాస్తాడు. ఫీల్డింగ్‌లో నిలబడ్డప్పుడు చదువుకోవడానికి ఆలీ దాని నిండా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. గదిగురించో ఇంటిగురించో రాయమంటే ఇదేంటని స్ట్రాడ్‌లేటర్ కసురుతాడు. హోల్డెన్ కాగితాలు లాక్కుని చించేస్తాడు. ఆలీ పోయిన రాత్రి గ్యారేజీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టిన చెయ్యి అది. ఈ సంగతి అతను దాటుకుంటూ చెబుతాడు, పాఠకుడూ దాటుకుంటూ చదివేస్తే ఆ తర్వాతి ఇరవై అధ్యాయాలూ సణుగుడుగానే వినిపిస్తాయి.

అయితే నచ్చినవాళ్లలో ఇంకో జబ్బుంది. ఆలీ చావు అనే ఒక్క తాళంచెవితో పుస్తకంలోని ప్రతి తలుపూ తీసేస్తారు. యుద్ధం అనే తాళంచెవి పట్టుకునేవాళ్లూ ఉన్నారు. సాలింజర్ 1944 జూన్ 6న నార్మండీలో యూటా తీరాన దిగిన సైనికుడు, హోల్డెన్ కథల కాగితాలు వెంటబెట్టుకుని యుద్ధంలో తిరిగినవాడు. కాబట్టి ఇది మారువేషంలో ఉన్న యుద్ధ నవల అంటారు. ఆలోచించదగ్గ మాటే. అన్న డి.బి. నాలుగేళ్ల సైన్యం గురించి, తనకు యుద్ధమంటే ఉన్న రోత గురించి హోల్డెన్ ఒకచోట గట్టిగానే మాట్లాడతాడు. కానీ రచయిత జీవితం తెచ్చి పాత్రకు వకాల్తా ఇస్తే, శాలీని మొహం మీద తిట్టిన మాటకు జవాబు రాదు. బాధలో ఉన్నవాడు పక్కవాళ్లను బాధపెట్టడని ఏమీ లేదు.

నచ్చనివాళ్ల ఫిర్యాదుల్లో బలమైనవి ఉన్నాయి, వాటిని కొట్టిపారేయకూడదు. మధ్యలో, సుమారు పదో అధ్యాయం నుంచి పంతొమ్మిది దాకా, బారు తర్వాత బారు, మనిషి తర్వాత మనిషి అన్నట్టు నడుస్తుంది. చదవడం మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు. పాత స్కూల్లో తెలిసిన కార్ల్ లూస్ వచ్చే అధ్యాయంలో స్వలింగ సంపర్కుల గురించిన మాటలు ఇవాళ చదివితే ములుకుల్లా ఉంటాయి. ఆడపిల్లల్లో ఫీబీకి తప్ప ఎవరికీ సొంత గొంతు దక్కలేదు. పుస్తకమంతా మెదిలే జేన్ ఒక్కసారి కూడా నేరుగా కనపడదు. చెక్కర్స్ ఆటలో రాజులను వెనక వరసలోనే ఉంచుకునే అమ్మాయి అన్న జ్ఞాపకం ఎంత అందంగా ఉన్నా, అది హోల్డెన్ జ్ఞాపకమే. భాష సంగతి వేరు. 'అండ్ ఆల్', 'ఇట్ కిల్డ్ మీ' అంటూ అవే ఊతపదాలు మళ్లీ మళ్లీ రావడం రచయిత చేతగానితనం కాదు. 1959లోనే 'అమెరికన్ స్పీచ్' పత్రికలో డొనాల్డ్ కాస్టెల్లో ఆ మాటతీరును విడదీసి, అప్పటి కుర్రకారు మాట్లాడే పద్ధతికి అది ఎంత దగ్గరో చూపించాడు. అయినా విసుగొస్తే పాఠకుడి తప్పేం లేదు. కావాలని పెట్టిన విసుగు కూడా విసుగే.

డబ్బున్న పిల్లాడి బాధ అన్న విమర్శ తెలుగు పాఠకుల దగ్గర ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. కారణం ఉంది. చదువుకునే కుర్రాడి మనసులోని గందరగోళాన్ని మనకు చూపించిన నవీన్ 'అంపశయ్య' (1969)లో ఉస్మానియా విద్యార్థి రవికి లేమి కూడా ఒక గొడవ. ఆ రవిని చదివినవాళ్లకు టాక్సీల్లో తిరిగే హోల్డెన్ దిగులు తిన్నది అరక్క వచ్చినట్టు తోచడం సహజం. కానీ డబ్బు సంగతి నవలకు తెలియక కాదు. పదిహేనో అధ్యాయంలో డిక్ స్లేగల్ అనే పాత రూమ్మేటు గుర్తొస్తాడు. వాడివి చవకరకం సూట్‌కేసులు, హోల్డెన్‌వి ఖరీదైన తోలువి. వాడు సిగ్గుపడి తన పెట్టెలను మంచం కింద దాస్తాడు. వాడికి చిన్నతనం కాకూడదని హోల్డెన్ కూడా తనవి మంచం కిందికి తోసేస్తాడు. మర్నాడు వాడు హోల్డెన్ పెట్టెలు తీసి మళ్లీ పైన పెడతాడు, చూసినవాళ్లు అవి తనవే అనుకోవాలని. నవల మొత్తంలో ఇంతకంటే సూటిగా వర్గభేదం గురించి చెప్పిన చోటు లేదు. 1976లో కేరల్ ఓమన్, రిచర్డ్ ఓమన్ 'క్రిటికల్ ఇంక్వైరీ'లో రాసిన పెద్ద వ్యాసం ఇదే పట్టుకుంది: ఒకానొక సమాజం మీద, డబ్బు పెట్టిన అంతరాల మీద హోల్డెన్ చేసిన ఫిర్యాదును విమర్శకులు 'ఎదిగే వయసు తంటాలు'గా మార్చేసి పళ్లు పీకేశారని వాళ్ల వాదన. ఇప్పటికీ ఆ వాదనకు పదును తగ్గలేదు.

నిషేధాల కథ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కలు చాలు. 1960లో ఓక్లహామా రాష్ట్రం టల్సాలో ఈ పుస్తకం పాఠంగా చెప్పిన టీచర్ను ఉద్యోగంలోంచి తీసేసి, తర్వాత మళ్లీ తీసుకున్నారు. 1961 నుంచి 1982 దాకా అమెరికా హైస్కూళ్లలో, లైబ్రరీల్లో ఎక్కువసార్లు కత్తెర పడిన పుస్తకం ఇదే. 'గాడ్‌డ్యామ్' 237 సార్లు ఉందని కూర్చుని లెక్కపెట్టిన ఫిర్యాదు కూడా ఒకటుంది. 1980 డిసెంబరు 8న జాన్ లెనన్‌ను కాల్చినవాడి దగ్గర ఈ నవల దొరకడంతో ఇంకో రకం పేరొచ్చింది. ఈ కీర్తి నవలకు చేసిన చెరుపు ఏమిటంటే, ఏదో ప్రమాదకరమైన రహస్యం ఉంటుందని తెరిచినవాళ్లకు, చెరువు గడ్డకట్టాక బాతులెక్కడికి పోతాయని అడిగే పిల్లాడు కనిపిస్తాడు. 'దీనికేనా ఇంత గోల?' అన్న నిరాశ అక్కడ పుట్టేదే.

వయసు లెక్క అందరూ చెప్పేదే: పదహారులో నచ్చుతుంది, ముప్పైలో చిరాకేస్తుంది. పూర్తిగా నిజం కాదు. ఈ తరం పిల్లలు చాలామందికి హోల్డెన్ నస పెట్టేవాడిలా కనిపిస్తున్నాడని టీచర్లే అంటున్నట్టు 'న్యూయార్క్ టైమ్స్' 2009 జూన్‌లో రాసింది. దానికి సగం కారణం ఈ నవల గెలుపే. ఈ గొంతును అనుకరిస్తూ డెబ్బై ఏళ్లుగా వచ్చిన పుస్తకాలు, సీరియళ్లు చూసి పెరిగినవాళ్లకు అసలుది నకలులా కనిపిస్తుంది. మిగతా సగం పరీక్ష. చదువు తప్పి పారిపోయిన కుర్రాడి కథ మీద ఐదు పేజీల వ్యాసం రాసి మార్కులు తెచ్చుకోమంటే ఎవడికి మాత్రం మనసొప్పుతుంది? పెద్దయ్యాక మళ్లీ చదివినవాళ్లలో రెండు తెగలున్నాయి. తమ పాత అభిమానానికి సిగ్గుపడేవాళ్లు కొందరు. చిన్నప్పుడు ఆనని సంగతులు ఇప్పుడు ఆని, హోల్డెన్ స్థానంలో కాక అతని అమ్మ స్థానంలో నిలబడి చదివేవాళ్లు మరికొందరు. ఈ రెండో తెగ మాటలే వినదగ్గవి.

'చివరికి ఏమీ మారలేదు' అన్న ఆరోపణకు జవాబు 22, 25 అధ్యాయాల మధ్య ఉంది. ఇరవై రెండులో ఫీబీ నీకు ఏమవ్వాలనుందని నిలదీస్తే, జొన్నచేను లాంటి పెద్ద రై పొలంలో ఆడుకుంటున్న వేలమంది పిల్లలు కొండ అంచు దాకా వస్తే పట్టుకుని ఆపేవాణ్ని అవుతానంటాడు. పిల్లలెవరూ పడకూడదు, అంటే పెరక్కూడదు. ఇరవై ఐదులో ఫీబీ రంగులరాట్నం గుర్రమెక్కి, తిరుగుతూ తిరుగుతూ బంగారు రింగు అందుకోవాలని వంగుతుంది. పడుతుందేమోనని భయం వేసినా హోల్డెన్ నోరెత్తడు. అందుకోవాలనుకుంటే అందుకోనివ్వాలి, పడితే పడతారు అనుకుంటాడు. మూడు అధ్యాయాల కింద చెప్పిన కలను తనే వదిలేసుకున్నాడు. జబ్బు నయమైపోయిందని దీన్నిబట్టి అనడం అత్యాశ. కిందటి గంటల్లో మ్యూజియం బాత్రూమ్‌లో సొమ్మసిల్లి పడ్డ మనిషి అతను, రెండు రాత్రులుగా సరైన నిద్రలేదు, పొద్దున డోనట్ మింగుడుపడలేదు. కానీ ఏమీ మారలేదనడం మాత్రం ఆ పేజీ చదవకపోవడమే.

హోల్డెన్ అభిమానులే తమలో తాము కొట్టుకునే చోటు ఒకటి మిగిలింది. అర్ధరాత్రి తలదాచుకోవడానికి వెళ్తే, పాత ఇంగ్లీషు టీచర్ యాంటొలీనీ బుద్ధులు చెప్పి పడక ఏర్పాటు చేస్తాడు. మెలకువ వచ్చేసరికి పక్కన చీకట్లో కూర్చుని తల నిమురుతుంటాడు. హోల్డెన్ హడలిపోయి బయటపడతాడు. ఆ తర్వాత తనే పొరబడ్డానేమో అనుకుంటాడు. కిటికీలోంచి దూకి చచ్చిపోయిన పాత స్కూలు కుర్రాడు జేమ్స్ కాజిల్‌ను చేతుల్లో ఎత్తుకుపోయింది ఈ టీచరే. ఆయన దగ్గర మందు వాసన ఉంది, మంచితనం ఉంది, ఆ చెయ్యీ ఉంది. ఆయన ఉద్దేశం ఇదీ అని తేల్చే వాక్యం నవలలో లేదు. తేల్చినట్టు చెప్పే పాఠకులు, అటువైపువాళ్లయినా ఇటువైపువాళ్లయినా, తమ దగ్గరున్నది తెచ్చి అందులో పెడుతున్నారు.

అమెరికాలో హైస్కూలు చదివే తెలుగు పిల్లల చేతికి కూడా ఈ పుస్తకం వస్తుంది, ఇవ్వొచ్చా అన్న సందేహం ఇంట్లో వస్తుంది. ఉన్నవి ఉన్నట్టు చెబితే: బూతులు నిండుగా ఉన్నాయి, సిగరెట్లు, మందు ఉన్నాయి. హోటల్ గదికి వేశ్య వస్తుంది గానీ ఏమీ జరగదు. ఒక ఆత్మహత్య వర్ణన ఉంది, అది 22వ అధ్యాయంలో. పదిహేను దాటినవాళ్లకు ఇబ్బంది లేదు. మొత్తం ఆరేడు గంటల చదువు, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. వారానికి రెండు అధ్యాయాల చొప్పున లాగిస్తే ఆ గొంతు అరిగిపోయి సణుగుడొక్కటే మిగులుతుంది. మొదటి ఏడు అధ్యాయాలూ, అంటే రైలెక్కేదాకా, ఒకే బిగిన చదివించడం మంచిది.